ముహూర్తానికి రాశి కార్డు

పెళ్ళి ఫొటోలకు నన్ను మాట్లాడుకోవడానికి వచ్చేవాళ్ళు ముందుగా అడిగేది ఒకటే ప్రశ్న: మొత్తం ఎన్ని ఫొటోలు ఇస్తారు? ఎలా తీస్తారని అడిగినవాళ్ళు ఈ పదమూడేళ్ళలో ఇద్దరో ముగ్గురో. మూడు వేలంటే ముఖం చిన్నబుచ్చుకుంటారు. అయిదు వేలంటే చాటంత చేసుకుంటారు. ఆ అయిదు వేలలో ఎన్ని చూస్తారో వాళ్ళకే తెలియాలి. నేను ఎప్పుడూ వాదించలేదు. అడిగినదానికంటే ఓ అయిదువందలు ఎక్కువే చెప్పి ఒప్పుకుంటాను. నా నోటికి కారం ఎక్కువని ఇంట్లో పేరుంది గానీ, ఆ కారం గిరాకీ దగ్గర చూపించకూడదన్న తెలివి కూడా ఉంది.

ఒక్కటంటే ఒక్కటే ఫొటో అడిగిన మనిషి ఇన్నేళ్ళలో ఒకావిడే. ఆ ఒక్కటీ నేను తీయలేకపోయాను.

మాది మద్రాసులో పెరంబూరు. మా పెద్దలు ఏ కాలంలో ఈ పక్కకు వచ్చారో చెప్పగలిగినవాళ్ళు ఇప్పుడు మా ఇంట్లో ఎవరూ లేరు. తెలుగే మాట్లాడుకుంటాం. ఆ తెలుగు విని ఆంధ్రా నుంచి కొత్తగా వచ్చినవాళ్ళు ముందు ఆశ్చర్యపోతారు, తరవాత నవ్వుతారు. నాయన రైల్వే వర్క్‌షాపులో బ్రేకుల సెక్షన్‌లో ముప్పైనాలుగేళ్ళు పనిచేసి రిటైరయ్యాడు. అక్కడ ఆయుధపూజ అంటే మామూలు హడావుడి కాదు. లేతు మెషీను నుంచి స్పానరు దాకా ప్రతిదానికీ గంధం, కుంకుమ పెడతారు. గుమ్మడికాయ కొడతారు. మరమరాలు, శనగపప్పు పొట్లాలు కట్టి పంచుతారు. రిటైరయ్యాక నాయనకు పూజ చేయడానికి మెషీన్లు లేకుండా పోయాయి. నా కెమెరాలు దొరికాయి.

మొదటి పెళ్ళికి వెళ్ళేముందు నేను రిచీ స్ట్రీట్‌లో ఒక మెమరీ కార్డు కొన్నాను. అప్పటికి అది మంచి కార్డే. నాయన దాన్ని దేవుడి పటాల ముందు పెట్టి, ఉంగరపు వేలితో దాని నెత్తిన చుక్కంత కుంకుమ అద్దాడు. వెనక ఉన్న గీతలకు అంటితే పాడైపోతుందని నేను అరిచాను.

"ముప్పైనాలుగేండ్లు బ్రేకులకే పెట్టినామ్మా. ఒక్క రైలన్నా నిలవకుండా పోయిందా?" అన్నాడు.

ఆ పెళ్ళి బాగా జరిగింది. అక్కడ నా పని చూసి ఇంకో ఇద్దరు పిలిచారు. ఆ కార్డుకు అప్పుడే పేరు పడింది. మా మద్రాసు మాటల్లో రాశి అంటే కలిసొచ్చేది అని. ఒకరికి చొక్కా రాశి, ఒకరికి ఆటో నంబరు రాశి, ఒకరికి కూతురు పుట్టిన వేళ రాశి. నాకు కార్డు రాశి. ఆ తరవాత ఎన్నో కార్డులు కొన్నాను, పారేశాను. దీన్ని మాత్రం ఒక చిన్న పసుపు గుడ్డ సంచిలో దాచుకున్నాను. ఏ పెళ్ళికి వెళ్ళినా ముహూర్తానికి పది నిమిషాల ముందు కెమెరాలోని రెండో స్లాట్‌లో ఉన్న కార్డు తీసేసి, ఈ రాశి కార్డు పెట్టేదాన్ని. ముహూర్తం అయ్యాక మళ్ళీ తీసేసేదాన్ని. మా కెమెరాలకు రెండు స్లాట్లుంటాయి. తీసిన ప్రతి ఫొటో రెండు కార్డుల మీదా పడుతుంది. ఒకటి పాడైనా రెండోది ఉంటుందన్న ధీమా. రాశిని నేను నమ్మానా అంటే నమ్మలేదు. మానేశానా అంటే మానలేదు.

ఆ ఒక్క ఫొటో అడిగినావిడ ఇంటి పెళ్ళికి నెల ముందు కొత్త కెమెరా కొన్నాను. పాతది సెకనుకు అయిదు ఫొటోలు తీసేది. ఇది ఇరవై తీస్తుంది. బటన్ మీద వేలు నొక్కి ఉంచితే చాలు, చప్పుడు కూడా ఉండదు. దాన్ని పరీక్షించడానికి నాయనను వెంటబెట్టుకుని పెరంబూరు స్టేషనుకు వెళ్ళాను. గుమ్మిడిపూండి వైపు వెళ్ళే లోకల్ బండి వస్తుంటే వేలు నొక్కి పట్టుకున్నాను. బండి వెళ్ళిపోయాక వెనక తెరమీద చూపించాను. ప్రతి కిటికీ, ప్రతి కిటికీలో ముఖం, తలుపు దగ్గర వేలాడుతున్న ఒకతని చేతి గడియారం.

నాయన కళ్ళద్దాలు పైకి నెట్టి చూశాడు. "ఒక సెకండులో ఇరవై యాల మా? అంతలో ఏం జరుగుతుంది?"

"జరిగేదంతా అంతలోనే నాయనా."

"బండి వేగం గొప్ప కాదు. నిలిచేది ఎట్లా అనేదే గొప్ప" అన్నాడు. బ్రేకుల సెక్షన్ వాళ్ళు ప్రపంచంలోని ఏ విషయాన్నయినా తిప్పి తిప్పి అక్కడికే తెస్తారు. నేను పట్టించుకోలేదు.

ఆ రోజు స్టేషన్లో కెమెరాలో ఉన్నవి రెండూ కొత్త కార్డులే. అసలు కథ అక్కడుంది. కెమెరా సెకనుకు ఇరవై తీసినా అవన్నీ వెంటనే కార్డులోకి చేరవు. లోపల బఫర్ అని కొంచెం చోటుంటుంది, ముందు అందులో పడతాయి, అక్కడి నుంచి కార్డు తనకు చేతనైన వేగంతో రాసుకుంటుంది. కార్డు మీద పెద్ద అక్షరాలతో అచ్చువేసేది ఫొటోలను బయటికి తీసే వేగం. రాసుకునే వేగం ఎక్కడో మూల చిన్న అంకెలో ఉంటుంది. పెళ్ళిచూపుల్లో చెప్పే జీతానికీ చేతికొచ్చే జీతానికీ ఉన్నంత తేడా. వేసవిలో మా వీధికి నీళ్ళ లారీ వచ్చినప్పుడు గొట్టం ఎంత లావున్నా బిందె మూతి ఎంతుంటే అంతే పడుతుంది, మిగతాది పొర్లిపోతుంది. కెమెరా పొర్లనివ్వదు. ఆగిపోతుంది. రెండు కార్డులుంటే, రెండింట్లో నెమ్మదైన దాని కోసం ఆగుతుంది. ఇదంతా నాకు తెలుసు. కొత్తవాళ్ళకు నేర్పించాను కూడా. శాస్త్రం ఎరిగినవాళ్ళే బల్లిని చూసి ఆగుతారు.

పెళ్ళి వడపళని వైపు ఒక కల్యాణ మండపంలో. ముహూర్తం పొద్దున పదీ ఇరవైకి. అమ్మాయి ఐటీ ఉద్యోగం. వాళ్ళది ఒంగోలు పక్క. తండ్రి పాతికేళ్ళ కిందట అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో పనికి వచ్చి, అక్కడే ఇల్లు కట్టుకుని, ఆరేళ్ళ కిందట పోయాడు. తల్లి అదే ఎస్టేట్‌లో బోల్టులు చేసే ఒక చిన్న ఫ్యాక్టరీలో తనిఖీ సెక్షన్‌లో పనిచేస్తుంది. బల్ల మీద బోల్టులు పోస్తే, వంకరవీ మరలు సరిగా తెగనివీ ఏరి పక్కన పెట్టడం ఆవిడ పని. ఇవన్నీ పెళ్ళికూతురి గదిలో, అమ్మాయి జడ వేస్తున్నంతసేపూ ఆవిడే చెప్పింది. ఆడ ఫొటోగ్రాఫరు కావాలని నన్ను పిలిచేదే అందుకు. జడ వేసే గదిలోకి మగవాళ్ళు రాలేరు.

"మీ తెలుగు భలేగా ఉందమ్మా. సగం అరవం" అంది నవ్వుతూ.

"ఈడనే పుట్టినాం కదమ్మా. ఆడకు వస్తే అరవోళ్ళు అంటారు, ఈడ ఉంటే గొల్టీలు అంటారు" అన్నాను. గదిలో అందరూ నవ్వారు.

నవ్వులు అయ్యాక, మిగతావాళ్ళు గది బయటికి వెళ్ళాక, ఆవిడ అద్దం ముందు నిలబడి తన నుదుటి మీది చిన్న నల్ల స్టిక్కరు తీసి అద్దానికి అంటించింది. నేను చూస్తున్నానని తెలుసు.

"రోజూ ఫ్యాక్టరీకి పెట్టుకునే వెళ్తాను. ఇవ్వాళ ఎందుకులే, ఎవరి నోట మాట పడటం" అంది.

పీటల మీద పెదనాన్నా పెద్దమ్మా కూర్చుంటారట. తల్లి ముహూర్తం సమయానికి మండపం మీద ఉండకూడదని ఎవరూ ఆవిడతో అనలేదు. ఉండమనీ ఎవరూ అనలేదు. జడ కదలకుండా కూర్చున్న అమ్మాయి అద్దంలోంచే మాట్లాడింది.

"అమ్మా, నువ్వొచ్చి అక్షింతలు వెయ్యకపోతే నేను తాళి కట్టించుకోను. అందరి ముందూ లేచొస్తాను. చెప్తున్నా."

"వేస్తానే తల్లీ. అరవకు" అని ఆవిడ నా వైపు తిరిగింది. "అమ్మా, మండపానికి ఎడమపక్క స్తంభం ఉంది చూడు. ఆ వెనకాల ఉంటాను. జీలకర్రా బెల్లం పెట్టగానే, అందరూ ఆ హడావుడిలో ఉంటారు కదా, రెండడుగులు వేసి వచ్చి అక్షింతలు వేసి వెళ్ళిపోతా. నువ్వొక్క ఫొటో తియ్యి. ఆల్బమ్‌లో పెట్టొద్దు. నాకు ఇస్తే చాలు, ఆయన ఫొటో పక్కన పెట్టుకుంటాను. ఇద్దరి తరఫునా వేశానని ఉంటుంది."

"ఒకటేమిటమ్మా, ఇరవై తీస్తాను" అన్నాను. కొత్త కెమెరా చేతిలో ఉన్న పొగరు అది.

"ఒక్కటి చాలమ్మా" అంది.

పదీ పదికి పసుపు సంచి తీశాను. కొత్త కెమెరాకు ఇది మొదటి పెళ్ళి. రాశి కార్డు లేకుండా కొత్త కెమెరాకు మొదటి ముహూర్తమా? ముందు రోజే నాయన గుర్తుచేశాడు. రెండో స్లాట్‌లో ఉన్న కొత్త కార్డు బయటికి తీసి, నెత్తిన కుంకుమ చుక్క ఉన్న పాత కార్డు లోపలికి నెట్టాను. అది ఎప్పటిలాగే టిక్కుమంది.

పెళ్ళికొడుకుకూ పెళ్ళికూతురుకూ మధ్య తెర పట్టుకున్నారు. నాదస్వరం వాళ్ళు గట్టిమేళానికి సిద్ధంగా పురోహితుడి వేలు వంక చూస్తున్నారు. నేను మోకాళ్ళ మీద కూర్చుని స్తంభం కూడా ఫ్రేములోకి వచ్చేలా చూసుకున్నాను. స్తంభం పక్కన లేత ఆకుపచ్చ చీర అంచు కనిపిస్తోంది. పురోహితుడు వేలు ఎత్తాడు. మేళం మోగింది. తెర దించారు. నేను బటన్ నొక్కి పట్టాను.

తెర దిగడం, ఒకళ్ళ తల మీద ఒకళ్ళు చేతులు పెట్టడం, ముందు వరస అక్షింతలు గాల్లోకి లేవడం, అన్నీ పడ్డాయి. వేలు వదలాలని నాకు తోచలేదు. సెకనుకు ఇరవై చొప్పున నాలుగు సెకన్లు. అప్పుడు ఆకుపచ్చ చీర స్తంభం వెనక నుంచి కదిలింది. సరిగ్గా అప్పుడే కెమెరాలోని బొమ్మ నిలబడిపోయింది. ఇంకా ఎన్ని పడతాయో చూపించే మూల సున్నా కనిపిస్తోంది. పక్కన ఎర్రలైటు మిణుకుతోంది.

నేను బటన్‌ను మళ్ళీ మళ్ళీ నొక్కాను, రాని లిఫ్టు కోసం నొక్కినట్టు. ఆవిడ రెండడుగులు వేసింది. కూతురి మీదకు వంగింది. నా మామూలు కంటికి ఆవిడ వీపూ చెయ్యీ కనిపించాయి, అంతకుమించి నేను చూడలేదు. కెమెరా వైపు చూసి తిట్టుకుంటున్నాను. భుజానికి ఇంకో కెమెరా వేలాడుతోంది. అది తీయాలని ఆ క్షణాన బుర్రకు తట్టలేదు. మళ్ళీ ఫొటో పడేసరికి ఆవిడ లేదు. చీర అంచు కూడా లేదు. ఆర్నెల్లు సాము చేసి మూలనున్న ముసలమ్మను కొట్టినట్టు, ఇరవై ఫొటోల కెమెరా ఒక్క ఫొటో తీయలేకపోయింది.

భోజనాల దగ్గర ఆవిడ నన్ను వెతుక్కుంటూ వచ్చింది. నా ఆకులో వడ్డించిన అప్పడం తుంచుతున్నాను.

"వచ్చిందా అమ్మా?" అంది.

"వచ్చిందమ్మా" అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ సరిగా చెప్పలేను. ఆవిడ ముఖం చూస్తే వేరే మాట రాలేదు. ఆవిడ నా ఆకులో తన చేత్తో ఇంకో బూరె వేసి వెళ్ళింది. నేను తిన్నాను కూడా.

ఇంటికి వచ్చి కంప్యూటరు ముందు కూర్చుని చూశాను. ఫొటో తీసిన సమయం ప్రతి ఫైలులోనూ సెకన్లతో సహా ఉంటుంది. ఎనభయ్యో ఫొటోకూ ఎనభై ఒకటో ఫొటోకూ మధ్య పదకొండు సెకన్లు. ఎనభయ్యో దాంట్లో స్తంభం పక్కన ఆకుపచ్చ అంచు. ఎనభై ఒకటిలో ఖాళీ స్తంభం. మధ్యలో ఒక తల్లి వచ్చి వెళ్ళింది. వీడియో తీసినతన్ని అడిగి తెప్పించుకున్నాను. అందులో ఆ పదకొండు సెకన్లూ పెదనాన్నగారి పట్టు కండువా వీపు. పెళ్ళికూతురి స్నేహితులు ఫోన్లతో తీసినవి పంపించారు. అందరూ కింద నుంచి చేతులెత్తి తీశారు. ఎవరి ఫోన్లో చూసినా మిగతావాళ్ళ ఫోన్లు.

పక్క గదిలోంచి నాయన అడిగాడు. "కొత్త కెమెరా ఎట్లా ఉండాది మా? రాశి కార్డు పెట్టినావు గదా?"

"పెట్టినా నాయనా."

"అదీ" అన్నాడు తృప్తిగా.

 అరవడానికి నోరు వచ్చింది గానీ, కార్డు లోపలికి నెట్టింది నా వేలే.

నా ఆల్బమ్‌లు కోడంబాక్కంలో ఒకతను తయారుచేస్తాడు. ఒకప్పుడు సినిమా పోస్టర్ల మీద హీరోల మొటిమలు తీసేసే పని. ఇప్పుడు పెళ్ళివాళ్ళ మొటిమలు తీస్తాడు. తెలుగింటివాడే, మాట మాత్రం రెండో వాక్యానికే తమిళంలోకి జారిపోతుంది. సంగతి చెప్పాను.

"ఇంతేనా? దీనికా ఇట్లా మొహం పెట్టుకోని ఉండావు?" అన్నాడు. "ఆ అమ్మ చెయ్యి ఎత్తిన ఫొటో ఒకటి ఇయ్యి. అర మణి నేరం చాలు. ఆ దేవుడు వచ్చి చూసినా కనుక్కోలేడు."

అరగంటే పట్టింది. పొద్దున గదిలో ఆవిడ కూతురి జడలో పువ్వు పెడుతూ చెయ్యి ఎత్తిన ఫొటో ఉంది. దాన్ని కత్తిరించి, వేళ్ళ మధ్య పువ్వు చెరిపి, నాలుగు పసుపు గింజలు చల్లాడు. ఆ ఎనభైలో అమ్మాయి ముఖం చక్కగా వచ్చిన ఫొటో ఒకటి ఎంచుకుని దాంట్లో నిలబెట్టాడు. వెలుతురు సరిచేశాడు. నేను వెతికి వెతికి చూశాను. అతికినట్టు ఎక్కడా లేదు. అతని పనికి వంక పెట్టలేను. ఆ ఫొటో చూసినప్పుడు నాకు హాయిగా అనిపించింది, అది మాత్రం నిజం. అబద్ధమాడిన పాపం ఇంత సులువుగా తీరుతుందని అనుకోలేదు.

ప్రింటు వేయించి, గట్టి అట్ట కవర్లో పెట్టుకుని, ఒక ఆదివారం పొద్దున అంబత్తూరు వెళ్ళాను. ఆల్బమ్ బొమ్మలు ఎంచుకోవాలి గనక ల్యాప్‌టాప్ కూడా పట్టుకెళ్ళాను. ఆవిడ ఒక్కతే ఉంది. నుదుటి మీద నల్ల స్టిక్కరు. గోడ మీద భర్త ఫొటో, దానికి ప్లాస్టిక్ పూలదండ, పక్కన కొత్తగా కొట్టిన మేకు. ఆ మేకు దేనికోసమో అడగకుండానే తెలిసింది.

కవరు ఇచ్చాను. ఆవిడ చేతులు కొంగుకు తుడుచుకుని తీసింది. చూడగానే ముఖమంతా వెలిగింది. "అయ్యో, ఎంత బాగా వచ్చిందమ్మా!" అంది. కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుంది. కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి, ఫొటోను వెలుతురుకు కొంచెం వంచి చూసింది. వాళ్ళ ఫ్యాక్టరీలో బోల్టును అలాగే చూస్తారేమో. చాలాసేపు చూసింది. ఆ వెలుగు మెల్లగా తగ్గడం నేను చూశాను.

"ఇందులో బాసికం వంకరగా ఉందేంటమ్మా?" అంది.

నాకు అర్థం కాలేదు.

"నుదుటికి కట్టే బాసికం. ఎడమ కనుబొమ్మ మీదకి జారిపోయింది చూడు. నేను వెళ్ళగానే అది చూశాను. ఎవరూ పట్టించుకోలేదు. ముందు దాన్ని సరిచేశాను, ఆ తరవాతే అక్షింతలు వేశాను. చెయ్యెత్తేటప్పటికి అది సరిగ్గా ఉండాలి." ఆవిడ గొంతులో నింద లేదు. తనకే ఏదో పొరపాటు జరిగిందేమోనన్న అనుమానం ఉంది. "సరిచేశాననే గుర్తు. సరిచెయ్యలేదంటావా?"

అదే నేను తట్టుకోలేకపోయింది. నా అబద్ధం కోసం ఆవిడ తన జ్ఞాపకాన్ని అనుమానించుకుంటోంది. నాకు తల తీసేసినట్టయింది.

"సరిచేసినారమ్మా. మీరు చేసింది నిజమే. ఈ ఫొటోనే అబద్ధం" అన్నాను. మొత్తం చెప్పాను. కెమెరా ఆగిపోయింది, నేను భోజనాల దగ్గర అబద్ధమాడినాను, కోడంబాక్కంలో అతికించినాం. ఒక్కసారి మొదలుపెట్టాక దాచడానికి ఏమీ మిగల్లేదు.

ఆవిడ ఫొటోను బల్ల మీద బోర్లా పెట్టింది. కోప్పడుతుందనుకున్నాను. కోప్పడితే బాగుండేది.

"అంత కొత్త కెమెరా ఎందుకు ఆగిందమ్మా?" అంది.

బ్యాగులోంచి పసుపు సంచి తీసి కార్డు ఆవిడ అరచేతిలో పెట్టాను. మొదటి పెళ్ళి నుంచి ఉన్న కార్డు అని, రాశి అని, ముహూర్తానికి తప్పకుండా పెడతానని, ఇది నెమ్మదిగా రాసుకోవడం వల్లే కెమెరా నిలబడిపోయిందని చెప్పాను. ఆవిడ దాన్ని కూడా కిటికీ వెలుతురుకు వంచింది. బొటనవేలితో కుంకుమ చుక్కను మెల్లగా తడిమింది.

"దీనికి బొట్టుంది" అంది. "అందుకని పైకి రానిచ్చారన్నమాట."

కొంచెం నవ్వింది కూడా. నేను నవ్వలేకపోయాను. ఆవిడ మండపం మీదకు రాకూడదని అనుకున్నవాళ్ళను గురించి ఆ రోజంతా మనసులో ఎన్ని మాటలనుకున్నానో నాకు గుర్తుంది. చాదస్తం ఎప్పుడూ పక్కవాళ్ళ ఇంట్లోనే ఉంటుందని నా నమ్మకం. నా చాదస్తాన్ని పసుపు సంచిలో మోసుకుంటూ తిరిగాను.

"అసలు ఫొటోలు ఉన్నాయా?" అని అడిగింది.

ల్యాప్‌టాప్ తెరిచాను. ఎనభయ్యో ఫొటో చూపించాను. బాసికం ఎడమ కనుబొమ్మ మీద, స్తంభం పక్కన ఆకుపచ్చ అంచు. "ఇక్కడే ఉన్నాను" అంది తెరమీద వేలు పెట్టి. తరవాతిది నొక్కాను. ఎనభై ఒకటి. ఖాళీ స్తంభం. అమ్మాయి కళ్ళు దించుకుని ఉంది, పెదవుల మూల చిన్న నవ్వు, ముందు ఫొటోలో ఆ నవ్వు లేదు. జుట్టు నిండా అక్షింతలు. అన్ని అక్షింతల్లో ఏవి ఎవరివో ఎవరు చెప్పగలరు?

ఆవిడ కుర్చీ ముందుకు లాక్కుంది. వెనక్కి నొక్కమంది. ముందుకు నొక్కమంది. మళ్ళీ వెనక్కి, మళ్ళీ ముందుకు. వంకర, తిన్నన. వంకర, తిన్నన. నేను ఆ ఫొటోలను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, స్తంభం వైపు, అంచు వైపు, సెకన్ల అంకెల వైపు. పెళ్ళికూతురి నుదురు ఒక్కసారీ చూడలేదు. ఎనభై ఒకటిలో బాసికం రెండు కనుబొమ్మల మధ్య సరిగ్గా, గీత గీసినట్టు ఉంది.

ఆవిడ అతికించిన ఫొటోను కవర్లో పెట్టి, కవరు నా వైపు జరిపింది. కొత్త మేకు వంక ఒకసారి చూసింది. తరవాత ల్యాప్‌టాప్ తెరమీద, తాను లేని ఆ ఫొటో మీద వేలు పెట్టింది.

"ఇది పెద్దది చేయించి ఇవ్వమ్మా" అంది. "ఇందులో నేను వచ్చి వెళ్ళాను."